మురుగు కాలవ సాకు

కొత్త ఇళ్ల నిర్మాణాన్ని కొంతకాలం ఆపేస్తూ నగర కౌన్సిళ్లు తెచ్చే మారటోరియాలు పైకి ఏ రంగూ, ఏ కులమూ ఎరగనట్టే ఉంటాయి. అవి ఎవరు ఇల్లు కట్టబోయినప్పుడు పుట్టాయో చూడాలంటాం మేం.

అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని లాకవానా ఉక్కు పట్నం. 1960లలో అక్కడి నల్లవాళ్లు దాదాపు అందరూ ఒకటో వార్డులో, బెత్లెహామ్ స్టీల్ ఫ్యాక్టరీ పొగ కింద బతికేవాళ్లు. మూడో వార్డు తెల్లవాళ్లది. మన ఊరూ వాడా లాంటిదే; మధ్యలో రైలు పట్టాలు. మూడో వార్డులో క్యాథలిక్ డయాసిస్ భూమి కొని తక్కువ ఆదాయం వాళ్లకు ఇళ్లు కట్టాలని నల్లవాళ్ల సంఘం ఒకటి పూనుకుంది. వెంటనే, 1968లో, కౌన్సిల్ ఆ భూమిని పార్కు కింద మార్చేసింది. కొత్త లేఅవుట్లన్నీ ఆపేసింది. ఎందుకయ్యా అంటే మురుగు కాలవలు చాలవట! ఆ సంగతి ఏళ్ల తరబడి తెలిసిందే. మరి అన్నేళ్లూ రాని మారటోరియం అప్పుడే ఎందుకొచ్చింది?

కేసు పడ్డాక కౌన్సిల్ వెనక్కి తగ్గింది. మేయర్ తగ్గలేదు. మురుగు లైను దరఖాస్తు మీద సంతకం పెట్టనన్నాడు. 1970లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఇదంతా జాతి వివక్షేనని తేల్చింది. తీర్పు రాసింది సుప్రీంకోర్టు నుంచి రిటైరైన జస్టిస్ టామ్ క్లార్క్. ఇళ్లకు అనుమతులివ్వాలి, మురుగు సౌకర్యమూ నగరమే చూడాలి అన్న కింది కోర్టు ఉత్తర్వు నిలబడింది.