సగటు ఎవరి సొత్తు?

నలుడి కథ అనగానే చాలామందికి దమయంతీ స్వయంవరమే గుర్తొస్తుంది. నన్నయ తెనిగించిన అరణ్యపర్వ భాగంలోని ఆ కథలో లెక్కలవాళ్లు ఆగి చూడాల్సిన చోటు వేరే ఉంది. బాహుకుడన్న పేరుతో రథం తోలుతున్న నలుడికి రాజు ఋతుపర్ణుడు దారిపక్క తానిచెట్టు చూపించి, కొమ్మల్లో ఆకులెన్నో, కాయలెన్నో చెప్పేస్తాడు. నలుడు నమ్మడు. రథం ఆపి లెక్కపెడితే సరిగ్గా సరిపోతుంది. తనకు పాచికల మర్మం తెలుసునని, ఈ లెక్కా ఆ విద్యలోదేనని అంటాడు రాజు. ఆ మర్మం నేర్చుకున్నాకే నలుడు జూదంలో పోయిన రాజ్యాన్ని జూదంలోనే గెలుచుకుంటాడు. వేదకాలంలో పాచికలుగా వాడింది ఈ తానికాయల్నే.

చెట్టుని ఒకసారి చూసి కొమ్మల్లోని ఆకుల్నీ కాయల్నీ అంచనా కట్టడానికీ, జూదానికీ చుట్టరికం ఉందని ఈ కథ చెప్పినవాళ్లకు తోచింది. సంభావ్యత చరిత్ర రాసిన ఇయన్ హ్యాకింగ్ 1975లో తన పుస్తకంలో ఈ ఘట్టాన్ని ప్రస్తావించాడు. అలాగని అంతా మనవాళ్లకు ముందే తెలుసని చంకలు గుద్దుకోనక్కర్లేదు. మర్మం ఉందన్నారే గాని, అదేమిటో కథ చెప్పదు.

చెప్పినవాళ్లు ఫ్రాన్సులో దొరుకుతారు. వైద్యుడూ జూదరీ అయిన ఇటలీ కార్డానో అంతకుముందే కొంత రాసిపెట్టుకున్నా, అది అచ్చయ్యేసరికి 1663 వచ్చింది. ఈలోగా 1654లో పాస్కల్, ఫెర్మా అనే గణితవేత్తలు ఉత్తరాల్లో ఒక తగువు తీర్చారు. ఇద్దరు తలా 32 పిస్టోల్ నాణేలు పందెం కాశారు. ముందు మూడు ఆటలు గెలిచినవాడిదే మొత్తం. ఒకడు రెండు, రెండోవాడు ఒకటి గెలిచాక ఆట ఆగిపోయింది. 64 నాణేలు ఎలా పంచాలి? పాస్కల్ తీర్పు ఇది: తర్వాతి ఆట గెలిస్తే మొదటివాడికి 64 వస్తాయి. ఓడినా ఇద్దరూ సమానమవుతారు కాబట్టి 32 ఎక్కడికీ పోవు. అవి ముందే తీసుకుని మిగతా 32లో సగం కలుపుకుంటే అతనికి 48, రెండోవాడికి 16.

ఇంకా జరగని ఆటకి ధర కట్టడం అప్పటికి పెద్ద సాహసం. ఇందులో ఒక తిరకాసు ఉంది. ఆట చివరిదాకా సాగి ఉంటే మొదటివాడికి 64 వచ్చేవి, లేదా సున్నా మిగిలేది. 48 ఎన్నటికీ వచ్చేది కాదు. ఇలా కట్టిన అంచనా విలువ, అంటే సగటు, పుట్టుకలోనే ఏ ఒక్కడికీ దక్కని అంకె.

సగటుకీ, ఒక్కడికి దక్కేదానికీ ఉన్న ఈ తేడా మనుషుల ఆయుష్షు దగ్గర బయటపడింది. లండన్ చావుల లెక్కలతో జాన్ గ్రాంట్ 1662లో వేసిన పట్టికలో, పుట్టిన 100 మందిలో ఆరేళ్లు నిండేసరికి మిగిలేది 64 మంది, పదహారుకి 40 మంది. దాన్ని పట్టుకుని 1669లో హైగెన్స్ అన్నదమ్ములు ఉత్తరాల్లో వాదించుకున్నారు. పుట్టిన బిడ్డకు సగటున 18 ఏళ్ల ఆయుష్షని తమ్ముడు లోడెవైక్ లెక్కకట్టాడు. సగం మంది 11 ఏళ్లకే పోతున్నారు కదా అన్నాడు అన్న క్రిస్టియాన్. రెండు లెక్కలూ సరైనవేననీ, దేని పని దానిదనీ తేల్చిందీ అతనే: జీవితాంతం ఇచ్చే భరణానికి ధర కట్టాలంటే సగటు కావాలి, ఒక మనిషి బతుకు మీద పందెం కాయాలంటే రెండో అంకె కావాలి.

తర్వాతి వందేళ్లలో బాగుపడింది మొదటి లెక్కే. ప్రయత్నాలు పెరిగేకొద్దీ కనబడే నిష్పత్తి అసలు నిష్పత్తికి దగ్గరవుతుందన్న జేకబ్ బెర్నూలీ సిద్ధాంతం, ఆయన పోయిన ఎనిమిదేళ్లకు 1713లో అచ్చయింది. 1762లో లండన్‌లో పెట్టిన ఈక్విటబుల్ బీమా సంస్థ వయసును బట్టి ప్రీమియం వసూలు చేసింది. వేలమంది ఖాతాదారులున్నవాడికి సగటు నిజంగానే చేతికి వస్తుంది.

ఒక్కడి పక్షాన మాట్లాడినవాడు జేకబ్ తమ్ముడి కొడుకు డానియల్. 1738లో ఆయన వేసిన ప్రశ్న: నిరుపేదకి ఒక లాటరీ చీటీ దొరికింది. తగిలితే 20,000 డ్యూకట్లు, లేకుంటే ఏమీ రాదు, రెండింటికీ సమానావకాశం. సగటు విలువ 10,000. దాన్ని 9,000కి అమ్ముకుంటే తప్పా? తప్పు కాదన్నాడు డానియల్. అదే చీటీని 9,000కి కొనని ధనికుడు మాత్రం తెలివితక్కువవాడన్నాడు. పంట చేతికి రాకముందే చవగ్గా బేరం తెంపుకునే కౌలురైతుకి లెక్క రాదని పట్నంలో కూర్చుని అంటుంటాం. అతనికి లెక్క వచ్చు. ఒక్క ఏడాది నష్టాన్ని కూడా తట్టుకునే స్తోమత లేదు.

ఒక్కడికి సగటు దక్కదన్నది నష్టాల్లోనే కాదు, విజయాల్లోనూ కనిపిస్తుంది. గెలిచినవాణ్ణి చూసి నక్క తోక తొక్కాడని లోకం అంటుంది, కష్టం ఫలించిందని అతనంటాడు. ఈ తగువును ప్రయోగంలో పెట్టి చూసిన ఫలితాలు 2006లో అమెరికాలో అచ్చయ్యాయి. సాల్గానిక్, డాడ్స్, వాట్స్ అనే ముగ్గురు పరిశోధకులు పెద్దగా పేరులేని బృందాల పాటలు 48 తీసుకుని, 14,000 మందికి పైగా శ్రోతల్ని గుంపులుగా విడదీశారు. ఎనిమిది గుంపుల్లో తోటివాళ్లు ఏ పాట ఎంతగా దించుకున్నారో కనిపించేది. ఎవరి మాటా తెలియకుండా విన్నవాళ్లు 26వ స్థానం ఇచ్చిన పాట, ఒక గుంపులో మొదటిదైంది, మరో గుంపులో 40వ స్థానానికి పడిపోయింది. మరీ మంచి పాటలు అట్టడుక్కి పోవడం, మరీ చెత్తవి పైకి రావడం అరుదు. మధ్యలో ఉన్నవాటికి ఏదైనా జరగొచ్చు. మనలో చాలామందిమి ఉండేది ఆ మధ్యలోనే.

సంభావ్యతనే వృత్తిగా చేసుకున్న తెలుగువాడి బతుకూ ఇలాగే నడిచింది. అప్పటి బళ్లారి జిల్లా హడగళిలో 1920లో పుట్టిన కల్యంపూడి రాధాకృష్ణారావు వాల్తేరులో గణితం ఎం.ఏ. చేశారు. పరిశోధనకు దరఖాస్తు ఆలస్యమై స్కాలర్‌షిప్ దక్కలేదు. సైన్యం సర్వే విభాగంలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ కోసం కలకత్తా వెళ్లి హోటల్లో దిగితే, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుతున్న ఒకాయన తారసపడ్డాడు. అలా 1941లో ఆయన అక్కడ చేరారు. తర్వాత పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి అడిగిన ప్రశ్నకి ఆ రాత్రే కూర్చుని జవాబు సాధించారు. అదే 1945లో అచ్చై, క్రామర్-రావు అసమానతగా పాఠ్యపుస్తకాల్లోకెక్కింది. వాల్తేరు చదువు లేకపోతే ఆ పరిచయంతో ఒరిగేదేమీ లేదు. ఆ పరిచయం లేకపోతే ఆ చదువు ఎటు పోయేదో ఏ సూత్రమూ చెప్పదు. 1945 నాటి ఆ వ్యాసానికి 2023లో అంతర్జాతీయ సాంఖ్యకశాస్త్ర బహుమతి ప్రకటించేనాటికి ఆయన వయసు 102.