కాగితాలు ఇవ్వని కార్డులు: కాల్గరీ బేస్‌మెంట్‌లో ఓపెన్‌బీఎస్‌డీ కథ

ఈ వారం ఎపిసోడ్‌లో టైం చాలక పైపైన చెప్పిన ముక్కని ఇక్కడ కాస్త తీరిగ్గా రాస్తున్నాం. విన్నవాళ్లకి ఇది కొసరు. విననివాళ్లు ముందు ఇది చదివినా ఇబ్బందేం లేదు.

దోహాలోనో, డల్లాస్‌లోనో నైట్ షిఫ్ట్‌లో కూర్చుని ఎక్కడో ఉన్న సర్వర్‌లోకి లాగిన్ అయ్యేవాళ్లు మన శ్రోతల్లో చాలామందే ఉన్నారు. అందుకు వాడే ప్రోగ్రాం ఎక్కువగా ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్. ఇది పుట్టింది ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టులో. ఆ ప్రాజెక్టు నడిచేది కెనడాలోని కాల్గరీ నుంచి, అదీ ఒక ఇంటి బేస్‌మెంట్‌లో పెట్టిన మెషిన్ల మీద. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ కథ చాలామంది చెప్పారు. దాని కింది అంతస్తులో, అంటే కెర్నల్‌లోని డివైస్ డ్రైవర్లలో, ఏళ్ల తరబడి జరిగిన శుభ్రత పని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఈసారి మన కథ అదే.

డ్రైవర్ అంటే దుభాషి

పెద్ద కన్‌స్ట్రక్షన్ సైట్ ఒకటి ఊహించుకోండి. మేస్త్రీ ఒక్కడే. పనివాళ్లు మాత్రం పది భాషలవాళ్లు. ఒక్కో గుంపుకి ఒక్కో దుభాషి ఉంటేనే పని సాగుతుంది. కంప్యూటర్‌లో ఆ మేస్త్రీ కెర్నల్. డిస్కు, నెట్‌వర్క్ కార్డు, కీబోర్డు పనివాళ్లు. ప్రతి పరికరానికీ ఒక డ్రైవర్ దుభాషిగా ఉంటుంది.

చిక్కేమిటంటే ఈ దుభాషులంతా మేస్త్రీ గదిలోనే కూర్చుంటారు. తాళాలన్నీ వాళ్ల చేతికి అందుతాయి. మామూలు ప్రోగ్రాం తప్పు చేస్తే ఆ ప్రోగ్రాం ఒక్కటే ఆగుతుంది. డ్రైవర్ తప్పు చేస్తే మొత్తం మెషినే కూలుతుంది, లేదా దొంగకి తలుపు తెరుచుకుంటుంది. 2001లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు లినక్స్, ఓపెన్‌బీఎస్‌డీ కెర్నళ్లలో తప్పులు వెతికితే, డ్రైవర్ కోడ్‌లో తప్పుల రేటు మిగతా కెర్నల్‌తో పోలిస్తే మూడు నుంచి ఏడు రెట్ల దాకా ఎక్కువని తేలింది. ఆశ్చర్యం లేదు. ఒక్కో డ్రైవర్‌ని ఆ పరికరం చేతిలో ఉన్న ఒకరిద్దరే పరీక్షించగలరు. చాలాసార్లు పాత డ్రైవర్‌ని కాపీ కొట్టి కొత్తది రాస్తారు. దానితోపాటు పాత తప్పు కూడా కొత్తదాంట్లోకి వచ్చేస్తుంది.

ప్రిటోరియా నుంచి కాల్గరీకి

ఓపెన్‌బీఎస్‌డీని మొదలుపెట్టిన థియో డి రాట్ కూడా వలస కుటుంబం నుంచి వచ్చినవాడే. 1968లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో పుట్టాడు. అప్పట్లో అక్కడ తెల్లజాతి మగపిల్లలకి సైన్యంలో చేరడం తప్పనిసరి. ఆ భయంతో వాళ్ల కుటుంబం 1977 నవంబరులో కాల్గరీకి వచ్చేసింది. ఎనభైల మొదట్లో ఆర్థిక మాంద్యం కమ్మేసరికి అక్కడా నిలవలేక 1983లో ఇంకా ఉత్తరాన ఉన్న యూకాన్‌కి వెళ్లింది. తర్వాత థియో కాల్గరీ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ చదివి 1992లో డిగ్రీ తీసుకున్నాడు.

1993లో మరో ముగ్గురితో కలిసి నెట్‌బీఎస్‌డీ అనే ప్రాజెక్టు మొదలుపెట్టాడు. సన్ కంపెనీ స్పార్క్ మెషిన్ల మీద దాన్ని నడిపించే పని ఎక్కువగా చూసుకున్నది ఆయనే. అయితే ఆయన మాట కరుకు. 1994 డిసెంబరులో మిగతావాళ్లు ఆయన్ని తప్పుకోమన్నారు. 1995 అక్టోబరులో అదే కోడ్ కాపీతో ఓపెన్‌బీఎస్‌డీ మొదలైంది. సరిగ్గా ఏడాదికి, 1996 అక్టోబరులో, 2.0 వెర్షన్ బయటికొచ్చింది. అప్పట్నుంచీ సుమారు ఆరు నెలలకో రిలీజ్.

కాల్గరీలో ఉండటం వీళ్లకి కలిసొచ్చింది కూడా. ఆ రోజుల్లో అమెరికా చట్టం గట్టి ఎన్‌క్రిప్షన్‌ని ఆయుధాల జాబితాలో పెట్టి ఎగుమతిని అడ్డుకునేది. కెనడాలో అంత బిగింపు లేదు. అందుకే క్రిప్టో భాగాన్ని అమెరికా బయటే రాయించారు. 1999 జూన్‌లో పదిమంది డెవలపర్లు కాల్గరీలో ఒకచోట చేరి పనిచేశారు. హ్యాకథాన్ అన్న మాట మొదట వాడింది ఆ కూటమికే అంటారు. అదే ఏడాది డిసెంబరులో, ఓపెన్‌బీఎస్‌డీ 2.6తో పాటు ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ వచ్చింది. ఎక్కడ నిలబడి పని చేస్తున్నామన్నది ఏ పని చేయగలమో ఎలా నిర్ణయిస్తుందో మన వీసా కాగితాలు చూసుకునే మనకి వేరే చెప్పక్కర్లేదు.

ఒకచోట దొరికితే అన్నిచోట్లా

1996 నుంచి వీళ్లు ఒక అలవాటు పట్టారు. కోడ్‌లో ఒక తప్పు దొరికితే దాన్ని సరిచేసి ఊరుకోరు. అదే తీరు తప్పు ఇంకెక్కడుందో చెట్టు మొత్తం వెతుకుతారు. వాళ్లు సోర్స్ కోడ్‌ని చెట్టు అనే అంటారు. పనిచేస్తున్న కోడ్‌ని, దాని పని మారకుండా, మళ్లీ అమర్చి సర్దడాన్నే రీఫ్యాక్టరింగ్ అంటాం. ఇల్లు కూల్చకుండా వైరింగ్ మార్చడం లాంటిది.

డ్రైవర్లలో ఇది ఎలా ఉంటుందో ఎన్‌ఈ2000 అనే పాత నెట్‌వర్క్ కార్డులో చూడండి. అదే రకం కార్డు ఐఎస్‌ఏ స్లాట్‌లోనూ, పీసీఐ స్లాట్‌లోనూ, లాప్‌టాప్ పక్కన దూర్చే పీసీఎంసీఐఏ కార్డుగానూ వచ్చింది. మూడింటికీ మూడు డ్రైవర్లు రాస్తే ఒక తప్పుని మూడుచోట్ల దిద్దాలి. అందుకని చిప్‌తో మాట్లాడే అసలు కోడ్‌ని ఒకచోట పెట్టి, ఒక్కో స్లాట్‌కి అతికే చిన్న ఫైలుని వేరుగా రాశారు. పరికరం కనబడగానే కెర్నల్ ఒక్కో డ్రైవర్‌ని, ఇది నీదేనా, అని అడుగుతుంది. అవునన్న డ్రైవర్ దానికి అతుక్కుంటుంది. ఈ పద్ధతి చాలావరకు నెట్‌బీఎస్‌డీలో రూపుదిద్దుకున్నదే. గొడవపడి విడిపోయిన ఆ రెండు ఇళ్ల మధ్య కోడ్ రాకపోకలు మాత్రం ఆగలేదు.

బేస్‌మెంట్‌లో పాత మెషిన్లు వరుసలు కట్టి ఎందుకున్నాయో కూడా ఇక్కడే తెలుస్తుంది. మామూలు పీసీ కొన్ని తప్పుల్ని చూసీచూడనట్టు వదిలేస్తుంది. స్పార్క్64 అలా కాదు. దాంట్లో బైట్ల వరుస తిరగేసి ఉంటుంది, మెమరీలో సరైన గడి దగ్గర చదవకపోతే అక్కడే ఆగిపోతుంది. పీసీలో ఏళ్లపాటు దాక్కున్న డ్రైవర్ తప్పు అక్కడ మొదటి రోజే దొరికిపోతుంది. ఒకే డ్రైవర్ ఇన్ని రకాల మెషిన్ల మీద నడిస్తేనే దాన్ని నమ్మొచ్చన్నది వీళ్ల లెక్క.

పాస్‌పోర్ట్ దాచుకున్న కంపెనీలు

పాస్‌పోర్ట్ కంపెనీ సేఫ్‌లో ఉంటే పనివాడి పరిస్థితి ఏంటో గల్ఫ్‌లో చేసినవాళ్లకి తెలుసు. హార్డ్‌వేర్‌లోనూ అలాంటిదే ఉంది. చిప్ ఎలా పనిచేస్తుందో చెప్పే కాగితాలు తయారీ కంపెనీ దగ్గర ఉంటాయి. కొన్ని కంపెనీలు వాటిని ఇవ్వవు. ఇచ్చినా ఎవరికీ చెప్పనని సంతకం పెట్టమంటాయి. లేదంటే లోపలేముందో కనబడని బైనరీ ఫైలు చేతిలో పెట్టి, ఇది వాడుకో, అంటాయి. దాన్నే బ్లాబ్ అంటారు. చదవలేని కోడ్‌ని దిద్దలేం, సర్దలేం. ఆ కంపెనీ రేపు మద్దతు ఆపేస్తే కొన్నవాడు గాల్లో ఉంటాడు.

2004, 2005లలో ఈ పోరు ముదిరింది. అడాప్టెక్ అనే కంపెనీ రెయిడ్ కార్డులకి ఓపెన్‌బీఎస్‌డీలో ఒక డ్రైవర్ ఉండేది. అది నమ్మకంగా పనిచేసేది కాదు. దిద్దడానికి కాగితాలు అడిగితే రాలేదు. చివరికి 3.7 వెర్షన్ ముందు ఆ డ్రైవర్‌ని మామూలు కెర్నల్ నుంచి తీసేశారు. రెయిడ్ కార్డు మీద ఉండేది జనం డేటా. సగం తెలిసిన దుభాషి చేతిలో దాన్ని పెట్టకూడదన్నది థియో వాదన. అప్పటికే ఆ కార్డులు కొన్నవాళ్లకి మాత్రం ఇది గట్టి దెబ్బే. వాళ్ల కోపంలో న్యాయం లేదనలేం.

వైర్‌లెస్ కార్డుల విషయంలో ఇంకో దారి పట్టారు. ఆథెరోస్ చిప్‌లతో మాట్లాడే బైనరీ భాగం బదులు రైక్ ఫ్లోటర్ అనే డెవలపర్ చిప్ తీరుని గమనించి చదవగలిగే కోడ్ రాశాడు. డేమియెన్ బెర్గామినీ ఇంటెల్, రాలింక్ కార్డులకి డ్రైవర్లు రాశాడు. తైవాన్ కంపెనీ రాలింక్ అడగ్గానే కాగితాలు ఇచ్చింది. ఈ పోరాటానికి గుర్తింపుగా ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ తన 2004 సంవత్సరపు అవార్డుని థియోకి ఇచ్చింది.

తర్వాతి మెట్టు 2005 నవంబరులో, 3.8 వెర్షన్‌లో వచ్చింది. అప్పటిదాకా ఒక్కో కంపెనీ రెయిడ్ కార్డుకి ఆ కంపెనీ ఇచ్చిన ప్రోగ్రామే వాడాలి. డిస్కు పోయిందా లేదా తెలుసుకోవాలన్నా అంతే. దాని బదులు డ్రైవర్లన్నీ ఒకే తీరులో జవాబు చెప్పేలా మార్చి, పైన బయోసీటీఎల్ అనే ఒకే కమాండ్ పెట్టారు. ఇంట్లో నాలుగు రిమోట్లు పోయి ఒకటి మిగిలినట్టు.

నిద్ర లేపడంలో వరుస

లాప్‌టాప్ మూత మూస్తే నిద్రపోవాలి, తెరిస్తే లేవాలి. 2010 ప్రాంతంలో దీన్ని సరిగా చేయడానికి దాదాపు అన్ని డ్రైవర్లనీ ముట్టుకోవాల్సి వచ్చింది. పాత పద్ధతిలో ఒక్కో డ్రైవర్ విడివిడిగా పేరు నమోదు చేసుకునేది. ఎవరిని ముందు పిలవాలో పరికరాల అమరికకి సంబంధం ఉండేది కాదు. కొత్త పద్ధతిలో కెర్నల్ పరికరాల చెట్టు వెంబడి నడుస్తుంది. ముందు కొమ్మకి చివరున్నవి పడుకుంటాయి, తర్వాత వాటిని మోసే బస్సు. లేచేటప్పుడు ముందు బస్సు లేస్తుంది, తర్వాత దాని మీదున్నవి. ప్రతి డ్రైవర్‌లో మార్పు నాలుగైదు లైన్లే అయినా, డ్రైవర్లు వందల్లో ఉన్నాయి.

2014: కరెంటు బిల్లు, సామాను లెక్క

2014 జనవరిలో ప్రాజెక్టు ఆగిపోయే పరిస్థితి వచ్చింది. బేస్‌మెంట్ మెషిన్ల కరెంటు బిల్లు ఏడాదికి దాదాపు 20,000 డాలర్లు. కట్టే దారి లేదని బయటికి చెప్పారు. పాత మెషిన్లు తీసేయండి, అన్న సలహాలు చాలా వచ్చాయి. ఆ మెషిన్లే తప్పుల్ని పట్టిస్తున్నాయని వీళ్ల జవాబు. రొమేనియాకు చెందిన ఒక బిట్‌కాయిన్ వ్యాపారి 20,000 డాలర్లు ఇచ్చాడు, చిన్న విరాళాలూ చాలా వచ్చాయి. ప్రపంచమంతా లాగిన్ అయ్యే ప్రోగ్రాం రాసినవాళ్లు కరెంటు బిల్లు కోసం చెయ్యి చాచాల్సి రావడం అప్పట్లో చాలామందిని కలిచివేసింది.

అదే ఏడాది జూలైలో ఓ చిన్న మార్పు వచ్చింది. డ్రైవర్లు కెర్నల్ దగ్గర మెమరీ తీసుకుని, పని అయ్యాక ఫ్రీ అనే ఫంక్షన్‌తో తిరిగిస్తాయి. ఇకనుంచి తిరిగిచ్చేటప్పుడు ఎంత తీసుకున్నారో కూడా చెప్పాలన్నారు. సైట్ స్టోర్‌లో సామాను అప్పజెప్పేటప్పుడు లెక్క రాయించినట్టే. లెక్క తప్పితే కెర్నల్ అక్కడే ఆగి తప్పు చూపిస్తుంది. ఒక్కరోజులో అయ్యే పని కాదు కాబట్టి మొదట అన్నిచోట్లా సున్నా పెట్టారు. సున్నా అంటే ఇంకా తెలీదని. తర్వాత ఒక్కో డ్రైవర్‌ని తెరిచి అసలు లెక్క రాసుకుంటూ పోయారు. అది ఏళ్లపాటు సాగింది.

తీసేయడం కూడా ఈ పనిలో భాగమే. చూసుకునేవాళ్లు లేని బ్లూటూత్ కోడ్‌ని 2014లో తీసేశారు. నడుస్తున్న కెర్నల్‌లోకి బయటి డ్రైవర్‌ని ఎక్కించే సౌకర్యమూ 5.7 వెర్షన్‌కి పోయింది. వ్యాక్స్ మెషిన్ల మద్దతు 2016లో ఆగింది. దీనికి మూల్యం ఉంది. ఓపెన్‌బీఎస్‌డీలో లినక్స్‌లో దొరికినన్ని పరికరాలు నడవవు. కొత్త లాప్‌టాప్ కొనేముందు వెతుక్కోవాలి. బ్లూటూత్ హెడ్‌ఫోన్ కావాలంటే వేరే దారి చూసుకోవాలి. పనిచేస్తోంది కదా చాలు, అనుకునేవాళ్లకి ఈ పట్టుదల అతిగా అనిపిస్తుంది. కానీ లోపలేముందో తెలియని పరికరాన్ని వేలమంది డేటాకి కాపలా పెట్టే ముందు ఆ ప్రశ్న ఎవరో ఒకరు అడగాలి కదా. కాల్గరీ నుంచి దాదాపు 30 ఏళ్లుగా అడుగుతూ వచ్చింది అదే.

ఆసక్తి ఉన్నవాళ్లకి ఒక పని చెబుతాం. పాత లాప్‌టాప్ ఏదైనా మూలన పడి ఉంటే ఓపెన్‌బీఎస్‌డీ ఎక్కించి, డీమెసేజ్ అనే కమాండ్ కొట్టండి. కెర్నల్ లేచేటప్పుడు ఏ పరికరాన్ని ఏ డ్రైవర్ తీసుకుందో వరుసగా కనబడుతుంది. వాటిలో ఒక పేరు పట్టుకుని దాని మాన్యువల్ పేజీ తెరవండి. చాలా పేజీల చివర హిస్టరీ అన్న భాగం ఉంటుంది, ఆ డ్రైవర్ ఏ వెర్షన్‌లో మొదట వచ్చిందో, కింద రాసినవాళ్ల పేర్లేంటో. మనం ఎపిసోడ్‌లో చెప్పుకున్న కొన్ని పేర్లు మీకక్కడ తగలొచ్చు. ఏవి తగిలాయో మాకు రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో చదువుదాం. ఉంటాం మరి.