మీ వీధిలో పని అయిపోయినా కరెంటు ఎందుకు రాదు? ‘లైన్ క్లియర్’ అంటే ఏమిటి?

గాలివానకు కొమ్మ విరిగి తీగల మీద పడింది. సిబ్బంది వచ్చారు, కొట్టేశారు, నిచ్చెన సర్దుకుని వెళ్లిపోయారు. గంట దాటినా కరెంటు లేదు. సికింద్రాబాద్‌లో వానాకాలం ఇది చాలామందికి అనుభవమే. దీనికి కారణం ప్రతిసారీ నిర్లక్ష్యం కాదు. అదే ఫీడర్ మీద ఇంకో వీధిలో మరో బృందం స్తంభం ఎక్కి ఉండొచ్చు.

సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరే ఒక్క 11 కేవీ ఫీడర్ చాలా ట్రాన్స్‌ఫార్మర్లకు కరెంటు ఇస్తుంది. దానిపై పనిచేయాలంటే ముందు సబ్‌స్టేషన్ ఆపరేటర్ నుంచి ‘లైన్ క్లియర్’ తీసుకోవాలి. సిబ్బంది భాషలో ఎల్‌సీ. ఆపరేటర్ బ్రేకర్ తీసి, ఎవరు, ఏ ఫీడర్‌కు, ఎన్నింటికి అడిగారో రిజిస్టర్‌లో రాస్తారు. మనుషులు పనిచేస్తున్నారన్న బోర్డు తగిలిస్తారు. ఇక్కడ లైన్‌మన్ తీగలో కరెంటు లేదని పరీక్షించి, పనిచేసే చోటుకు రెండు వైపులా ఎర్త్ రాడ్లు తగిలించాకే చెయ్యి పెట్టాలి.

రెండు మూడు బృందాలుంటే ఎవరి ఎల్‌సీ వారిదే. ఎవరు తీసుకున్నారో వారే తిరిగి ఇవ్వాలి, అదీ తమ మనుషులంతా దిగి, రాడ్లు తీసేశాక. ఒక్క ఎల్‌సీ మిగిలి ఉన్నా బ్రేకర్ వేయకూడదు. అమెరికా ఫ్యాక్టరీల్లో యంత్రాల మరమ్మతుకు 1989లో వచ్చిన నిబంధనదీ ఇదే సూత్రం. బృందంగా పనిచేసినా ఎవరి తాళం వారు వేస్తారు, చివరి తాళం తీసేదాకా యంత్రం నడవదు. అయితే తాళం కంటికి కనిపిస్తుంది. ఎల్‌సీ ఫోన్‌లో నడిచే చోట మాటే తాళం. ఫీడర్ పేరు ఒక్కటి పొరపాటుగా వినిపిస్తే చాలు. ఒకే స్తంభం మీద రెండు ఫీడర్లు వెళ్లే చోట రెండింటికీ ఎల్‌సీ తీసుకోకపోవడం మరో ప్రమాదం.

బ్రేకర్ తీసినా ఎర్త్ రాడ్లు ఎందుకంటారా? కరెంటు మీ ఇంటి వైపు నుంచి కూడా రావచ్చు కాబట్టి. ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైపులా పనిచేస్తుంది. మామూలుగా 11,000 వోల్టులను 433కు దించుతుంది. అపార్ట్‌మెంట్ జనరేటర్ కరెంటు వెనక్కి లైన్‌లోకి వెళితే అదే ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని మళ్లీ వేల వోల్టులకు పెంచుతుంది. కరెంటు లేదనుకుని పట్టుకున్న తీగ అప్పుడు ప్రాణం తీస్తుంది. సెల్లార్‌లో జనరేటర్ ఉన్న ప్రతి అపార్ట్‌మెంట్ సంఘం ఆలోచించాల్సిన విషయమిది.

మీ జనరేటర్‌కు చేంజోవర్ స్విచ్ ఉందా? లైన్ సరఫరా, జనరేటర్ సరఫరా ఎప్పుడూ ఒకేసారి కలవకుండా చూసేది అదే. ఇన్వర్టర్ వైరింగ్ కూడా లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. సాకెట్‌లో ప్లగ్ పెట్టి ఇంటికంతా జనరేటర్ కరెంటు ఇచ్చే చిట్కా జోలికి అసలు పోవద్దు.

సరఫరా ఆగితే 1912కు ఫోన్ చేసి, మీ బిల్లు మీది సర్వీస్ నంబరు చెప్పండి. ఫీడర్ ఎల్‌సీలో ఉందా అని అడగండి. ఉందంటే, లైన్ వేయమని సబ్‌స్టేషన్ మీద ఒత్తిడి తేవద్దు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏబీ స్విచ్ తీసి ఉన్నా, ఎవరూ కనిపించకపోయినా, దాన్ని మీరు వేయకండి.