ముందు మోత, తర్వాత కదలిక

మా హిందూపురం రైలు చరిత్ర కాగితం మీద చాలా పొట్టిది. 1892-93 ప్రాంతంలో గుంతకల్లు వైపు నుంచి ఒక మీటర్‌గేజ్ లైను, యశ్వంతపురం వైపు నుంచి మైసూరు సంస్థానం వేయించిన ఇంకో లైను వచ్చి మైసూరు సరిహద్దులో కలిశాయి. సంస్థానం లైనుకు పెట్టిన పేరులో మా ఊరుంది. రెండింటి మీదా బండ్లు నడిపింది సదరన్ మరాఠా రైల్వే. ధర్మవరం నుంచి కదిరి మీదుగా పాకాల పోయే లైనూ ఆ రోజులదే. 1980లలో బెంగళూరు లైను బ్రాడ్‌గేజ్ అయింది. 2000 నవంబరులో పెనుకొండ, ధర్మవరం మధ్య పుట్టపర్తి మీదుగా కొత్త దారి తెరిచారు.

బండి ఎలా మోగేదో ఇందులో ఎక్కడా లేదు. నాకు కావాల్సింది అదే. మేడమీద గదిలో, అసలులో 87వ వంతు కొలతకు, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం స్టేషన్లు మూడూ కట్టుకున్నాను. బొమ్మ ఇంజను కడుపులో దాని వేగాన్నీ మోతనూ నడిపే చిన్న చిప్పు, డీకోడర్, ఉంటుంది. కరెంటూ ఆజ్ఞలూ రెండూ పట్టాల గుండానే దానికి అందుతాయి. 1990లలో అమెరికా మోడల్ రైల్వే సంఘం, జర్మనీ లెంజ్ కంపెనీ పద్ధతిని ఆధారం చేసుకుని దీనికి ప్రమాణాలు పెట్టింది. డీకోడర్‌లో సీవీలని అంకెల గళ్లుంటాయి. రెండో గడి బయల్దేరే బలం, మూడోది వేగం అందుకునే తీరు, నాలుగోది తగ్గే తీరు, అయిదోది గరిష్ఠ వేగం.

చిన్నప్పుడు విన్న వైపీ ఆవిరి ఇంజను చక్రం అడ్డుకొలత 1372 మిల్లీమీటర్లు. చక్రం ఒక్క చుట్టు తిరిగితే నాలుగు ఛుక్‌లు. గంటకు 20 కిలోమీటర్ల దగ్గర సెకనుకు అయిదు పడతాయి, లెక్కపెట్టొచ్చు. 60కి చేరితే పదిహేను దాటి ఒకటే హోరు. డీకోడర్‌లో ఛుక్‌ను చక్రానికి ముడివేయడం అంత కష్టం కాదు. కష్టమంతా ఎక్కుడు దగ్గర. ధర్మవరం కంటే హిందూపురం రెండొందల మీటర్లకు పైగా ఎత్తు. పెనుకొండ కొండ వైపు ఎక్కే బండి గసపెట్టేది. అదే బండి తిరిగొచ్చేటప్పుడు డ్రైవరు ఆవిరి కట్టేస్తే కడ్డీల లకలక తప్ప ఏమీ వినపడదు. వేగం ఒకటే, మోత వేరు. అందుకే మోత బిగువును వేగానికి కాకుండా మోటారు మీద పడే బరువుకు కట్టాను.

డీజిల్ వచ్చాక ఆ లెక్కంతా మారింది. అమెరికా ఆల్కో కంపెనీ నమూనాతో చేసిన డబ్ల్యూడీఎం-2లో నాచ్, అంటే శక్తి మెట్టు, ఎక్కించగానే ఇంజను అరుస్తుంది, నల్లటి పొగ కక్కుతుంది, బండి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. టర్బో అందుకోవాలి, ఆ తర్వాతే లాగుడు. ఆ ఆలస్యం రావాలంటే మూడో గడిలో పెద్ద అంకె వేయాలి. కంపెనీ వేసిచ్చిన చిన్న అంకెతో ఆల్కో ఇంజను ఆటోరిక్షాలా ఉరుకుతుంది.

ధర్మవరం ప్లాట్‌ఫారానికి ఇంకో భోగం ఉండేది. పాకాల లైను 2000 తర్వాత కూడా కొన్నేళ్లు మీటర్‌గేజ్‌గానే ఉంది. ఒక పక్క పదహారు సిలిండర్ల డబ్ల్యూడీఎం-2, ఇంకో పక్క ఆరు సిలిండర్ల వైడీఎం-4. రెండూ ఆల్కో 251 ఇంజన్లే, గొంతులు మాత్రం కలవవు. పెద్దది గుండెలో దడదడలాడితే చిన్నది టకటకమంటూ వదిలి వదిలి కొట్టేది. నా బల్ల మీద వాటిని పక్కపక్కన నిలబెట్టి మోగించడానికి ఒక్కోదాని వాల్యూమ్ విడిగా తూచాల్సి వచ్చింది. పట్టాల విషయంలో సర్దుకున్నాను. ఈ కొలతలో మన బ్రాడ్‌గేజ్ 19 మిల్లీమీటర్లకు రావాలి, అంగట్లో దొరికేది పదహారున్నర.

ఇప్పటి కరెంటు ఇంజన్లకు నేను పెద్దగా కష్టపడను. సన్నటి ఈల, ఫ్యాన్ల గాలి, అంతే. మెచ్చుకునేవాళ్లు మెచ్చుకోనీ.

డీజిల్ శబ్దాలు నాకు దొరికినవన్నీ అమెరికాలో రికార్డు చేసినవే. వారణాసిలో కట్టినా మన ఇంజనూ ఆల్కోదే కాబట్టి మోత సరిపోయింది. హారన్ మార్చుకున్నాను. వాళ్ల ఇంజన్లకు గంట కూడా ఉంటుంది, స్టేషన్లోకి వస్తూ గణగణమంటుంది. పెనుకొండలో అలాంటి గంట ఏ ఇంజనుకూ వినలేదు. దాని వాల్యూమ్ సున్నా చేసేశాను.