ఫోన్‌లో వాన కబురు వెనక ఒక కరువు
మృగశిర కార్తె దగ్గరపడితే చాలు, రుతుపవనాలు కేరళ తాకాయా అని అందరం ఫోన్ చూస్తాం. ఆ కబురు వెనక ఒక కరువుంది.

1876లో వానలు మొహం చాటేశాయి. రాయలసీమతో సహా మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షలమంది చనిపోయారు. 1877లో రిచర్డ్ టెంపుల్ అనే దొర, కరువు పనికొచ్చిన కూలీకి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. పౌను అంటే అరకిలో కూడా కాదు! అటు మన ధాన్యం మాత్రం ఓడలెక్కి ఇంగ్లండ్ వెళ్తూనే ఉంది.

తర్వాత వాతావరణ శాఖ అధిపతి బ్లాన్‌ఫర్డ్, హిమాలయాల మంచు లెక్క చూసి 1886లో తొలి అధికారిక రుతుపవన అంచనా ఇచ్చాడు.

కోడ్ రాసిన అనుభవంతో చెప్తున్నా: వాన వస్తుందా లేదా అన్నది డేటా చెప్తుంది. రాకపోతే అన్నం పెట్టాలా వద్దా అన్నది మనుషులే తేల్చాలి. 1877లో తేల్చిందీ మనుషులే.