నవ్వించిన ఆకలి, వెఱపించిన ఆకలి

 

నేటి విషయము కొంత వింతగా దోపవచ్చును. అమెరికా దేశమున బాలబాలికల కొఱకు బొమ్మలతో వెలువడు హాస్యకథలు గలవు. అందు డెబ్బదియైదేండ్లు జనమును నవ్వించిన యొక బాలుని, 2017లో ఆ ప్రచురణకర్తలే తోడేలుగా మార్చి, జనమును వెఱపించిరి. మన ప్రాంతపు కుటుంబములు గల్ఫు దేశములకును అమెరికాకును వ్యాపించిన పిదప ఇట్టి పుస్తకములు మన యిండ్లలోనికిని వచ్చుచున్నవి. మా మనుమడు తెచ్చిన ప్రతిని నేనును చదివితిని. దానిని చూచిన పెద్దలు కొందఱు, "పంతులుగారూ, ఇదేమి విపరీతము? పసిపిల్లల కథను పిశాచకథగా జేయుదురా?" యని నన్నడిగిరి. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. పిల్లలు నమ్మి ప్రేమించిన పాత్రను వికృతము జేయు హక్కు ఎవనికి గలదు? దీనికి సమాధానము ఆ దేశపు చరిత్రలో కొంతయు, మన గంగాధర వేములవాడల చరిత్రలో కొంతయు, మహాభారతమున మిక్కిలిగాను గలదని నా తలంపు.

మొదట ఆ బాలుని సంగతి. ఆర్చీ యను పిల్లవాడు 1941 డిసెంబరు నాటి "పెప్ కామిక్స్" అను పత్రికలో తొలిసారి కనబడెను. బాబ్ మోంటానా యను చిత్రకారుడు వానికి రూపమిచ్చెను. రివర్‌డేల్ అను కల్పితమైన యూరిలో వాడు చదువుకొనును. బెట్టీ, వెరోనికా యను నిద్దఱు బాలికలలో నెవరి వంక మొగ్గవలయునో తెలియక తికమకపడును. అంతకు మించిన కష్టము ఆ యూర లేదు. వాని చెలికాడు జగ్‌హెడ్. తలపై కిరీటమువంటి టోపీ, సగము మూసిన కన్నులు, ఎప్పుడును ఆకలి. రొట్టెల నడుమ మాంసపు బిళ్ళనుంచి చేయు హాంబర్గరులనిన వానికి ప్రాణము. తక్కిన కుఱ్ఱలు బాలికలను జూచి పరవశులగుచుండ, వాడు వంటశాల వంక జూచును. సంస్కృతనాటకములలో మోదకములకై వెంపరలాడు విదూషకుని ఎఱిగినవారికి జగ్‌హెడ్ క్రొత్తవాడు కాడు.

ఇక అసలు చరిత్ర. 1950 ప్రాంతమున అమెరికాలో భీతిగొలుపు బొమ్మలకథలు విరివిగా నమ్ముడుపోయెడివి. ఇవి బాలురను నేరములకు పురికొల్పుచున్నవని ఫ్రెడరిక్ వెర్థమ్ అను మానసికవైద్యుడు 1954లో నొక గ్రంథము ప్రకటించెను. ఆ యేటి ఏప్రిలునందే సెనెటు ఉపసంఘము న్యూయార్కున విచారణ జరిపెను. ప్రభుత్వమే శాసనము జేయునేమో యని వెఱచి, ప్రచురణకర్తలు ఒక సంఘముగా గూడి, తమకు దామే యొక నియమావళిని విధించుకొనిరి. దాని ప్రకారము నడచు శవములు, రక్తము ద్రాగు పిశాచములు, నరమాంసభక్షణము, మనుష్యుడు తోడేలగుట, ఇవన్నియు నిషిద్ధములు. శీర్షికలో భయమను నర్థమిచ్చు మాట సైతము ఉండరాదు. నియమావళి ముద్ర లేని పుస్తకమును అంగళ్ళవారు అమ్ముటకు వెనుదీసిరి. పెక్కు సంస్థలు మూతపడెను. ఈ సంఘస్థాపకులలో ప్రముఖుడును, చిరకాలము దాని యధ్యక్షుడును ఎవరనుకొందురు? ఆర్చీ పుస్తకముల ప్రచురణకర్తలలో నొకడైన జాన్ గోల్డ్‌వాటర్. తన పెరటిలోని పిల్లల కడకు తోడేలు రాకుండ దేశమంతటికిని కంచె వేసినవాడు ఆయనయే!

1971లో ఆ కంచె కొంత సడలినది. పూర్వసాహిత్యమర్యాదను పాటించినచో పిశాచములకును తోడేలు మనుష్యులకును అనుమతి దొరకెను. 1999లో గోల్డ్‌వాటర్ గతించెను. 2011లో ఆర్చీ సంస్థయే ఆ ముద్రను విడిచెను. దానితో నియమావళి అంతరించినది. ఆ పిమ్మట 2013లో ఆర్చీ సంస్థ తానే నడచు శవముల కథ నొకదానిని వెలువరించెను. అందు జగ్‌హెడ్ పెంపుడు కుక్క చనిపోవును. వాడు కన్నీటితో ఒక మంత్రకత్తె బాలికను వేడుకొనగా ఆమె దానిని లేపును. లేచిన కుక్క వానినే కఱచును. వాడే ఆ యూరి మొదటి శవభూతమగును. 2017లో ఫ్రాంక్ టియెరీ వ్రాసి, మైకెల్ వాల్ష్ చిత్రించిన కథ వెలువడెను. దాని పేరు "జగ్‌హెడ్: ది హంగర్". హంగర్ అనగా ఆకలియే. జగ్‌హెడ్ వంశమువారు తరతరములుగా తోడేళ్ళగువారట. వాడు రాత్రివేళ తనకు దెలియకయే మృగమై తన యూరివారిని జంపుచుండును. ఆర్చీని ప్రేమించు సౌమ్యురాలైన బెట్టీ తోడేళ్ళను వేటాడు వంశమున బుట్టినదట. చిన్ననాటినుండి వాని ప్రక్కన గూర్చున్నది వాని వధకొఱకే.

ఈ పేరు చూచిన తోడనే రచయిత తెలివి నాకు బోధపడినది. ఆయన క్రొత్త దుర్గుణమును దేనిని బాలునకు అంటగట్టలేదు. డెబ్బదియైదేండ్లుగా మనము నవ్విన ఆ యాకలినే ఇంకొక మెట్టు దింపెను, అంతే. హాంబర్గరులు పది తినిన నవ్వు వచ్చును. అవి యయిపోయిన పిదపను ఆకలి తీఱనిచో?

మా అలంకారశాస్త్రము ఇందుకు నొసలు ముడుచుకొనును. హాస్యమునకు భయానకము శత్రువని పదునాల్గవ శతాబ్దపు విశ్వనాథుడు సాహిత్యదర్పణమున జెప్పెను. శత్రురసములను ఒకచోట గూర్చరాదు. కాని యిక్కడ గూర్చినది రసములను గాదు. ఆలంబనమైన పాత్ర యొక్కటే, రసము గ్రంథమునకొకటి. సిరిసిల్ల నేతగాండ్రకు సులభముగా జెప్పవలెనన్న, పడుగు పాతదే, పేక వేఱు.

మన కవులు ఈ పని ఎఱుగరనుకొనుట పొరపాటు. భీమసేనుని వృకోదరుడందురు. వృకమనగా తోడేలు. తోడేలు పొట్ట గలవాడని యర్థము. (వృకమను జఠరాగ్ని గలవాడని వ్యాఖ్యాతలు కొందఱు చెప్పుదురు గాని తోడేలే లోకమున నిలిచినది.) ఏకచక్రపురమున పాండవులు బిచ్చమెత్తి తెచ్చిన యన్నములో సగము భీమునకు, సగము తక్కిన యైదుగురకు. బకాసురునకు బండెడన్నము, రెండు దున్నపోతులు, ఒక మనుష్యుడు కప్పము. భీముడు బండి తోలుకొనిపోయి, రాక్షసుడు వీపుమీద గ్రుద్దుచుండగా, వెనుదిరిగి చూడక, ఆ యన్నమంతయు దానే తినును. ఈ ఘట్టము చెప్పునపుడు నవ్వని బాలుని నేను నా యుపాధ్యాయవృత్తిలో జూడలేదు. పదునొకండవ శతాబ్దమున నన్నయభట్టు తెలిగించిన ఆదిపర్వమున నున్నదిది.

ఆ పర్వమునందే, కొంత దూరమున, గంధర్వుడు అర్జునునకు కల్మాషపాదుని కథ చెప్పును. ఇక్ష్వాకువంశపు రాజు. మంచివాడే. ఇఱుకుదారిలో వసిష్ఠుని కొడుకు శక్తి యెదురుపడగా, త్రోవ విడువుమనిన విడువలేదని కొరడాతో గొట్టెను. నరమాంసము తిని తిరుగు రాక్షసుడవు కమ్మని శక్తి శపించెను. శాపము ఫలింపగనే ఆ రాజు మొట్టమొదట శపించిన వానినే భక్షించెను. తరువాత వసిష్ఠుని తక్కిన కొడుకులను. పండ్రెండేండ్లకు వసిష్ఠుడే వానిని విడిపించెను. అనగా కొడుకులను గోల్పోయిన తండ్రియే! వెన్నెల లేదు, తోడేలు తోలు లేదు. తక్కిన దంతయు అమెరికావారి కథయే. పాశ్చాత్యులకు తోడేలెట్లో మనకు పులియట్లు. పీర్ల పండుగకు పులివేషము గట్టినవాడు ఆడుచు మీదికి వచ్చినపుడు, ఎదుటివాడు తన ప్రక్కయింటివాడేయని యెఱిగియు పిల్లలు తల్లి కొంగు పట్టుకొందురు గదా.

భారతము సర్వజనులది. మన గడ్డకే చెందిన సాక్ష్యము నొకటి చెప్పెదను. పదవ శతాబ్దమున వేములవాడ చాళుక్యుల రాజధాని. అక్కడ పంపకవి తన ప్రభువైన అరికేసరిని అర్జునునితో నభేదముగా జూపి భారతమును కన్నడమున జెప్పెను. పాతకథను క్రొత్త మనుష్యునకు తొడిగిన సాహసమది. ఆ వంశపు నీడలోనే సోమదేవసూరి యను జైనపండితుడు యశస్తిలకమును రచించి, శకవర్షము 881, అనగా 959లో, గంగాధరలో ముగించెను. ఆ గంగాధర మన కరీంనగరు ప్రాంతపు గంగాధరయే యని పండితుల మతము. 966 నాటి తామ్రశాసనమున వేములవాడ జినాలయమునకై ఆయనకు గ్రామము నిచ్చినట్లున్నది. కథాసరిత్సాగరమును వ్రాసిన కాశ్మీరపు సోమదేవుడు వేఱు. తఱచు విద్యార్థులు ఈ యిద్దఱిని గలిపివేయుదురు.

ఆ యశస్తిలకమున ఏమున్నది? యశోధరుడను రాజునకు దుస్స్వప్నము వచ్చినదని తల్లి బలి యిమ్మనును. ప్రాణిని చంపనని రాజు మొండిపట్టు. మధ్యేమార్గముగా పిండితో నొక కోడిని జేసి దేవత ముందు కోసిరి. పిండికోడి! మన యిండ్లలో అమ్మమ్మ రొట్టెపిండి ముద్దతో పిట్టను జేసి యేడ్చు పిల్లవాని చేతిలో బెట్టును. ఇంతకంటె నిరపాయమైన వస్తువు వంటయింట నింకొకటి లేదు. సోమదేవుడు దానిచుట్టునే తన భయానకమును అల్లెను. భార్య విషము పెట్టగా తల్లియు కొడుకును చనిపోవుదురు. కొడుకు నెమలియై, తల్లి కుక్కయై పుట్టుదురు. తన కొడుకని యెఱుగక ఆ కుక్క నెమలిని చంపును. ఇట్లు జన్మజన్మలకు మృగములై, ఒకరి చేత నొకరు, ఒకరి కొఱకు నొకరు చచ్చుచుందురు. ఇది విని నిద్రపట్టునా? సోమదేవునకు గావలసినదియు అదియే. ఉత్తిపిండియే గదా యని మనసు సరిపెట్టుకొనుచోటనే ఆయన వెఱపును పుట్టించెను.

దీనికి ఎదురుదారియు గలదు, అది మనకు మిక్కిలి పరిచితము. అర్ధరాత్రి శ్మశానము, చెట్టున వ్రేలాడు శవము, అందులో బేతాళుడు. ఇంతకంటె ఘోరమేమి? కాని నాగిరెడ్డి చక్రపాణులు 1947 జూలైలో మద్రాసున స్థాపించిన చందమామ ఆ బేతాళుని పిల్లల నేస్తముగా జేసినది. ఆ పత్రిక యిప్పుడు లేదు, కాని శంకర్ గీసిన ఆ శవభారవాహియైన రాజును మఱచినవారెవరు? ఆ యిద్దఱు మిత్రులే 1957లో మాయాబజారు చిత్రము తీసి, రాక్షసుడైన ఘటోత్కచుని తిండిని చూపి మూడు తరముల పిల్లలను నవ్వించిరి. బేతాళుని కథలు గుణాఢ్యుని బృహత్కథ వెంట వచ్చినవని ప్రతీతి. గుణాఢ్యుని ప్రభువులు శాతవాహనులు. ఆ వంశపు తొలి రాజుల నాణెములు జగిత్యాల జిల్లాలో గోదావరి యొడ్డున కోటిలింగాలలో దొరకినవి. పైశాచీభాషలో, తన నెత్తుటితో వ్రాసిన ఏడు లక్షల గ్రంథమును రాజు తిరస్కరింపగా, గుణాఢ్యుడు అడవిలో నొక్కొక్క పుట చదువుచు అగ్నిలో వేసెనట. మృగములు మేత మఱచి, కన్నీరు గార్చుచు, ఆలకించి చిక్కిపోయెనట. చిక్కిన మాంసము తిని రాజునకు జబ్బు చేసెనట. పిశాచముల మాటలో జెప్పిన కథ విని తోడేలు ఆకలి మఱచుట! నేనెఱిగినంతలో కథకునకు ఇంతటి గౌరవము నెవరును ఈయలేదు.

అయినచో వెఱపించు మాఱుకథ లన్నియు సమ్మతములా? కావు. పాత్రలో లేని దానిని బయటనుండి తెచ్చి యతికినది దొంగపని. అమ్ముడుపోవుటకై నెత్తురు చల్లినది ఇంకను హీనము. అట్టివి అమెరికాలోను గలవు, మన సినిమాలలోను గలవు. వయస్సు గూడ చూడవలయును. ఏడేండ్ల బాలునకు ముందు హాస్యపు జగ్‌హెడ్ తెలిసియుండవలెను. నవ్వని వానికి ఈ వెఱపు అర్థమే కాదు, ఉత్త నెత్తురే కనబడును. ఈ మాట మా మనుమని తల్లిదండ్రులకును జెప్పితిని. కాని గోల్డ్‌వాటరువలె కంచె వేయుట నాకు సమ్మతము గాదు. ఆయన యావజ్జీవము బయట తోడేలునకు కాపలా కాచెను. అది లోపల బల్లయొద్ద గూర్చుండి హాంబర్గరులు తినుచుండెను.

భీముని యాకలి సంగతి సగముననే విడిచితిని. బకాసురుని బండియన్నము తిన్న ఆ వృకోదరుడే కర్ణపర్వమున దుశ్శాసనుని ఱొమ్ము చీల్చి నెత్తురు త్రాగును. చూచిన సైనికులు వీడు మనుష్యుడు కాడు, రాక్షసుడని పాఱిపోవుదురు. వ్యాసుడు వృకమను పేరును మొదటనే యూరక పెట్టలేదు. తిక్కన తెలుగున ఆ ఘట్టము చదివి పుస్తకము మూసిన రాత్రులు నాకు గలవు. మా మనుమడు ఆ కథ విని, "తాతయ్యా, నిజముగా త్రాగినాడా?" యని యడిగెను. దానికి సమాధానము స్త్రీపర్వమున గలదు. యుద్ధము ముగిసినది. నూఱుగురు కొడుకులను గోల్పోయిన గాంధారి ఆ ప్రశ్ననే భీముని అడుగును. నెత్తురు నా పెదవులను పండ్లను దాటి లోనికి పోలేదు తల్లీ, ప్రతిజ్ఞకొఱకు చేసితినని వాడు విన్నవించుకొనును. మహాబలుడు ముసలితల్లి యెదుట చేతులు జోడించి, తాను తోడేలు కాలేదని చెప్పుకొనుచున్నాడు. గాంధారి దానికి అవుననలేదు, కాదనలేదు. నూఱుగురిలో తప్పు తక్కువ చేసినవాని నొక్కనినైన, ఈ గ్రుడ్డి ముసలివాండ్ర కిద్దఱకు ఊతకఱ్ఱగా ఏల విడువలేదు నాయనా, యని యడిగినది.