ఆకాశానికి అతుకెక్కడ?

మా మామ్మ పాత చీరలతో బొంతలు కుట్టేది. తణుకులో మా వీధి పిల్లలందరూ ఆ బొంతల మీద దొర్లినవాళ్లే. ఏ గుడ్డ చేతికిచ్చినా ఆవిడ వేళ్లు ముందు అతుకు కోసం వెతికేవి. అలాంటి మనిషిని, నా చిన్నప్పుడు, నాన్న మాతోపాటు హైదరాబాదు బిర్లా ప్లానెటోరియానికి తీసుకెళ్లారు. నౌబత్ పహాడ్ మీద 1985 సెప్టెంబరు 8న అప్పటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావుగారు ప్రారంభించిన నక్షత్రశాల. హైదరాబాదు వెళ్లి అది చూడకుండా వచ్చామంటే ఊళ్లో నామోషీ లెండి!

దీపాలార్పారు. నెత్తిమీద చుక్కలు విచ్చుకున్నాయి. అందరూ నోళ్లు తెరుచుకుని చూస్తుంటే మామ్మ గట్టిగా, "ఒరే అబ్బాయ్, ఇంత ఆకాశానికి అతుకెక్కడుందిరా?" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. "నువ్వూరుకో అమ్మా!" అని నాన్న కసిరారు. తిరుగు రైల్లో ఆవిడ ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇన్నేళ్లకి, ఓ నవల కోసం నక్షత్రశాలల చరిత్ర తిరగేస్తే తేలిందేమిటయ్యా అంటే, మామ్మ అడిగిందే అసలు ప్రశ్న.

1923 అక్టోబరు 21న జర్మనీలో, మ్యూనిక్ నగరంలోని డాయిచెస్ మ్యూజియంలో, జైస్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ బావర్స్‌ఫెల్డ్ తన యంత్రంతో గుమ్మటం లోపల చుక్కలు పూయించాడు. ఒక్క లెన్సు చేసిన పనిలా ఉంటుంది గాని, కాదు. ఆయన ఆకాశాన్ని 32 ముక్కలు చేశాడు. ఫుట్‌బాల్ మీద అయిదు మూలలవీ, ఆరు మూలలవీ ముక్కలుంటాయి చూడండి, అచ్చం అలాగ. ఒక ముక్క చోటు యంత్రాన్ని నిలబెట్టడానికి పోగా, మిగిలిన 31 ముక్కలకీ తలా ఒక లెన్సు. మొత్తం 4,500 నక్షత్రాలు. అంటే, మొట్టమొదటి ఆకాశమే బొంత! మరి అతుకు కనబడలేదేం? చీకటిని చీకటితో కలిపి కుట్టాడు గనక. నల్లగుడ్డకి నల్లదారం.

చిక్కల్లా చుక్కలతో తృప్తిపడక బొమ్మలు కావాలన్నప్పుడు వచ్చింది. 1983లో అమెరికాలోని రిచ్‌మండ్‌లో డిజిస్టార్ అనే కంప్యూటరు యంత్రం పనిలోకి దిగింది. ఒకే లెన్సు, రంగుల్లేవు. రంగుల వీడియో గుమ్మటం నిండా పరవాలంటే ఒక్క ప్రొజెక్టరు ఆనదు. నాలుగో, ఆరో, ఇంకా ఎక్కువో కావాలి. ఒకదాని అంచు రెండోదాని మీద పడకపోతే మధ్యలో నల్లగీత. పడితే అక్కడ వెలుతురు రెట్టింపై తెల్లపట్టీ! పైగా వంపుమీద గీతలన్నీ వంకర.

ఇక్కడ సాఫ్ట్‌వేర్ పన్నే ఉపాయం వింటే మామ్మ మెచ్చుకునేది. బొమ్మని ముందే ఎదురువంకర తిప్పి పంపుతుంది. అంచుల దగ్గర దీని వెలుగు తగ్గిస్తూ, దానిది పెంచుతూ, రెండూ కలిసి ఒక్క వెలుగయ్యేలా చూస్తుంది. ఎక్కడెంత వంపో మొదట్లో మనుషులే గళ్ల బొమ్మ వేసి, కంటితో చూసుకుంటూ గంటల తరబడి సరిచేసేవారు. తర్వాత ఆ పని కెమేరాకి అప్పగించారు. ప్రతి ప్రొజెక్టరూ కొన్ని గుర్తులు వేస్తుంది. కెమేరా ఫొటో తీస్తుంది. ఏ గుర్తు ఎక్కడ పడిందో కంప్యూటరు లెక్క కడుతుంది. 2011లో, అర్వైన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బెహజాద్ సజాదీ, అదితి మజుందార్ అనే ఇద్దరు, కొలతలేవీ ముందుగా తెలియని ఒక్క కెమేరాతోనే ఇదంతా చెయ్యొచ్చని చూపించారు. అదితి కలకత్తా జాదవ్‌పూర్‌లో చదువుకున్నావిడ. ఆడవాళ్లకి గాక అతుకు సంగతి ఇంకెవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. తప్పే. ఆ లెక్కలు చూస్తే ఆ మాట వెనక్కి తీసుకోవాలి.

అయినా ఒకటి మిగిలింది. ప్రొజెక్టరు వేసే నలుపు అసలు నలుపు కాదు, పలచని బూడిదరంగు. రెండు బూడిదలు కలిసినచోట మరికాస్త తెలుపు తేలుతుంది. పూర్తిగా తగ్గించాక కూడా కారే వెలుగుని ఇంకెలా తగ్గిస్తారు? అందుకే పట్టపగటి దృశ్యంలో దాక్కున్న అతుకు అర్ధరాత్రి దృశ్యంలో బయటపడుతుంది. బావర్స్‌ఫెల్డ్‌ని కాపాడిన చీకటే వీళ్లని పట్టిచ్చింది. కొన్నిచోట్ల చుక్కల పని పాతరకం యంత్రానికే వదిలేసి, తక్కినది వీడియోకిచ్చి, రెండూ కలిపి నడుపుతున్నారు.

మొన్న ఓ పెద్ద ఊళ్లో అలాంటి వీడియో ప్రదర్శన చూశాను. రాత్రి వచ్చింది. సరిగ్గా నా నెత్తిమీద సన్నని బూడిద పట్టీ. "అదిగో, అతుకు!" అని అరిచేశాను. పక్కసీటు కుర్రాడు నవ్వాడు.

బయటికొచ్చి తణుకులో ఉన్న నాన్నకి ఫోను చేసి అంతా చెప్పాను. కాసేపు పలకలేదాయన.

"ఆవిడ బొంత బీరువాలో ఉందే, ఎండలో వెయ్యాలి" అన్నారు.